ముగ్గుపిండిలో అడుగులు

పగలు పడుకుని రాత్రి తిరిగే జంతువుల్ని మన పాఠ్యపుస్తకాల్లో 'నిశాచర జీవులు' అంటారు. నిశ అంటే రాత్రి, చరించడం అంటే తిరగడం. మాటలో తప్పేమీ లేదు. కానీ మూడో తరగతి పిల్లాడికి ఆ మాట బడికంటే ముందే హరికథలోనో, టీవీలో వచ్చే రామాయణంలోనో చెవిన పడి ఉంటుంది. అక్కడ నిశాచరుడంటే రాక్షసుడు. ఒకసారి నేను బోర్డు మీద ఆ మాట రాసి వెనక్కి తిరిగేసరికి ముందు వరసలో ఒకడు పక్కవాడి చెవిలో "రావణాసురుడి పాఠం రా" అంటున్నాడు.

దానికి తోడు ఇంట్లో బూచోడు ఉండనే ఉన్నాడు. అన్నం తినకపోతే బూచోడొస్తాడు, పడుకోకపోతే బూచోడొస్తాడు. ఆయన పగలు మాత్రం ఎప్పుడూ రాడు, గమనించారా? బిడ్డకి మాటలు వచ్చేసరికే చీకట్లో ఏదో ఉందని మనం చెప్పేస్తాం. ఏముందో చెప్పం. చెప్పడానికి మనకీ తెలియదు మరి, మనమూ అదే బూచోడి చేతి కింద పెరిగినవాళ్ళమే.

కడప జిల్లాలో, లంకమల కొండల దిగువ పల్లెల్లో ఇరవై ఏడేళ్ళు చిన్న తరగతులకి చదువు చెప్పాను. మొదట్లో ఈ పాఠం అందరిలాగే చెప్పాను. ఛార్టు తగిలించి గుడ్లగూబ, గబ్బిలం, మిణుగురు పురుగు, ముళ్ళపంది, అలుగు అని బెత్తంతో చూపిస్తూ పేర్లు పలికించాను. పొద్దున పదకొండు గంటలు. కిటికీలోంచి ఎండ సరిగ్గా గుడ్లగూబ మొహం మీదే పడుతోంది. వెనక కూర్చున్న ఒక పిల్ల లేచి, "మేడం, రాత్రిపూట అదేం చేస్తాదో మీరు చూసినారా?" అంది. చూశానని అబద్ధమాడటానికి నోరు రాలేదు. లేదమ్మా అన్నాను. "మరి మీకెట్ల తెలుసు?" అంది.

ఈవేళ నేను చెప్పబోయేదంతా ఆ రెండో ప్రశ్న వెంట పోయిన పోకడే. చూడనిదాన్ని తెలుసుకోవడం ఎట్లా? రాత్రి జంతువుల పాఠంలో అసలు సరుకు ఇదే అంటాను నేను. ఆవు గురించి చెప్పాలంటే ఆవు దగ్గరికి తీసుకుపోతే సరిపోతుంది. పునుగుపిల్లి అట్లా దొరకదు. అది వచ్చిపోయిందనడానికి ఏం మిగిల్చిందో వెతకాలి. ఒక అడుగు, కొరికి పారేసిన కాయ, పెంట, ఎక్కడో ఒక కూత. ఈ వెతుకులాట పెద్దవాళ్ళకంటే చిన్నపిల్లలకే బాగా వస్తుంది. వాళ్ళ కళ్ళు నేలకి దగ్గర కదా.

మా మొదటి ప్రయత్నం బోల్తా కొట్టింది. పిల్లలు ఇంటినుంచి తలా గుప్పెడు బియ్యప్పిండి తెచ్చారు. మధ్యాహ్న భోజనం వండే గది వెనక, వేపచెట్టు కింద దుప్పటి పరిచినంత మేర పలచగా జల్లెడతో చల్లాం. రాత్రి ఎవరు నడిస్తే వాళ్ళ అడుగు పడుతుందని నా ఆలోచన. పొద్దున వెళ్ళి చూస్తే పిండి లేదు. చీమల బారు ఒకటి గోడ వైపు సాగుతోంది, మధ్యలో ఎవరో నాలుకతో శుభ్రంగా నాకినట్టు వెడల్పాటి చార. నాలుగో తరగతి పిల్లాడు నడుం మీద చేతులు పెట్టుకుని, "మేడం, మన పరీక్ష పేపరే తినేసి పోయింది" అన్నాడు.

తర్వాత తెలివి తెచ్చుకుని తినడానికి పనికిరాని ముగ్గుపిండి వాడాం, అదే వీధుల్లో అమ్మే రాతిపొడి. మధ్యలో ఎరగా నాలుగు శనక్కాయలు పెట్టాం. ఆ రెండో రోజు వంట చేసే ఆమె తెల్లారకముందే వచ్చి చీపురు పెట్టి నున్నగా ఊడ్చేసింది. ఆమె తప్పేముంది, వాకిలి శుభ్రంగా ఉంచడం ఆమె పని. మూడో రోజు మాత్రం పండగే. పిల్లలు ముగ్గు చుట్టూ గుంజిళ్ళు తీసేవాళ్ళలా కూర్చుని ఒక గంట లేవలేదు.

ఏం కనిపించాయంటారా? ఒక కుక్క అడుగు, ఒక పిల్లి అడుగు. రెంటికీ నాలుగేసి వేళ్ళే పడతాయి, తేడా గోళ్ళలో ఉంది. కుక్క అడుగు ముందు గోళ్ళ చుక్కలు ఉంటాయి. పిల్లి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది కాబట్టి చుక్కలు పడవు. ఒక పేడపురుగు నడిచిన దారి కుట్టుమిషను కుట్టులా వచ్చింది. శనక్కాయల దగ్గర మాత్రం పెద్ద వివాదం. "ఇద్దరు వచ్చినారు మేడం, ఒకడికి నాలుగు వేళ్ళు, ఇంకొకడికి ఐదు వేళ్ళు" అని ఒక జట్టు తేల్చేసింది. ఇంకో జట్టులో ఒక బక్కపల్చటి పిల్ల, ఎప్పుడూ మాట్లాడనిది, నేల మీద బోర్లా పడుకుని చూసి, "ఇద్దరైతే ఎప్పుడూ అంటుకోనే ఎందుకు నడుస్తారు? ముందు నాలుగు, ఎనక ఐదు, మళ్ళా ముందు నాలుగు, ఎనక ఐదు. ఒకడే" అంది. పందికొక్కు అది. ఎలుక జాతికి ముందు కాళ్ళకి నాలుగు వేళ్ళు, వెనక కాళ్ళకి ఐదు వేళ్ళు పడతాయి. ఆ సంగతి నేను పుస్తకం చూసి చెప్పాల్సి వచ్చింది, ఆ పిల్ల నేలని చూసి చెప్పింది.

ఈ పని పిల్లలకి కొత్తదేం కాదు. కృష్ణాష్టమికి గడప దగ్గర్నుంచి దేవుడి గది దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తాం కదా. పిడికిలి బిగించి పక్కవాటుగా పిండిలో అద్ది నేల మీద వేస్తే పాదం, వేలి కొసతో ఐదు చుక్కలు పెడితే వేళ్ళు. కృష్ణుణ్ణి ఎవరూ చూడలేదు, అడుగుల్ని బట్టి వచ్చాడనుకుంటాం. మా పిల్లలు అదే పిడికిలి పద్ధతిలో పిల్లి అడుగు, కుక్క అడుగు, పందికొక్కు అడుగు వేయడం నేర్చుకున్నారు. కొన్నాళ్ళు ఊరి వాకిళ్ళన్నీ పందికొక్కుల పాదాలతో నిండిపోయాయి. ఒకరిద్దరు తల్లులు నన్ను అడగడానికి బడికి కూడా వచ్చారు.

ఈ పద్ధతిని పిల్లలాట అనుకోకండి. మా లంకమల దిగువ చిట్టడవుల్లోనే కలివికోడి అని ఒక పిట్ట ఉంది. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి ఆ పేరు. జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1848లో దాని గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత మళ్ళీ ఎవరి రికార్డుల్లోకీ ఎక్కలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానికుడి చేతికి చిక్కింది. అంటే ఎనభై ఆరేళ్ళు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకి కనబడకుండా ఇక్కడే తిరిగింది. ఎందుకు కనబడలేదంటే అది రాత్రి పిట్ట. పగలంతా ముళ్ళపొద కింద మట్టిరంగులో కలిసిపోయి కూర్చుంటుంది. ఆ తర్వాత దాని జాడ తీయడానికి పరిశోధకులు ఏం చేశారో తెలుసా? పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి ఆ పట్టీల మీద అడుగులు చూశారు. పందికొక్కు అడుగు చూసిన మా బక్కపిల్లకి ఈ సంగతి చెప్పినప్పుడు, "వాళ్ళది కూడా ఎవరైనా ఊడ్చేసినారా మేడం?" అని అడిగింది.

సరే, అడుగుల సంగతి అయింది. ఇక కళ్ళ దగ్గరికి వద్దాం.

మన భాషలో కంటి నడిమి నల్లటి గుండ్రాన్ని కంటిపాప అంటాం. ఆ పాపకి ఆకలి వేస్తుందని నేను పిల్లలకి చెప్తాను. వెలుతురే దాని అన్నం. తలా ఒక చిన్న అద్దం ఇచ్చి, కిటికీ దగ్గర నిలబడి కంటిపాప ఎంతుందో చూసుకోమంటాను. తర్వాత రెండు చేతులతో కళ్ళు మూసి ఇరవై దాకా లెక్కపెట్టి చటుక్కున తెరవమంటాను. తెరిచిన క్షణంలో పెద్దదై ఉన్న పాప చూస్తుండగానే ముడుచుకుపోతుంది. ఒకటో తరగతి పిల్లలు దీన్ని పదిసార్లు చేసినా విసుగెత్తరు. ఆ తర్వాతే పిల్లి సంగతి ఎత్తాలి. పగలు దాని కంటిపాప నిలువు గీతలా ఉంటుంది, చీకటి పడేసరికి కన్నంతా పాపే. పైగా దాని కంటి వెనక అద్దంలాంటి పొర ఒకటుంది. లోపలికి వచ్చిన వెలుతురు ఆ పొర తగిలి మళ్ళీ కంట్లోకే తిరిగి వస్తుంది. టార్చి వేస్తే పిల్లి కళ్ళు, గొడ్ల చావిట్లో ఆవు కళ్ళు మెరిసేది అందుకే. దెయ్యం కళ్ళు అని పారిపోయి వచ్చిన పిల్లల్ని నేనెరుగుదును. ఒక అట్టపెట్టె లోపల చాక్లెట్ కాగితం అంటించి, చిన్న రంధ్రంలోంచి టార్చి వేసి చూడమనండి. దెయ్యం పోతుంది.

ఇంకో పని చెప్తాను, దీనికి ఖర్చు అసలే లేదు. ఒకే సైజు ప్లాస్టిక్ గాజులు తీసుకోండి, ఎర్రవి, ఆకుపచ్చవి, నీలివి, పసుపువి. గది తలుపులు, కిటికీలు మూసి, సందుల్లోంచి వచ్చే కొద్దిపాటి వెలుతురులో పిల్లల్ని రంగుల వారీగా కుప్పలు పోయమనండి. అందరూ చకచకా పోసేస్తారు, తమకి అంతా తెలుస్తోందనే అనుకుంటారు. తలుపు తెరిచాక చూడాలి వాళ్ళ మొహాలు. పసుపు కుప్ప ఇంచుమించు సరిగ్గానే ఉంటుంది. మిగతావన్నీ కలగాపులగం, ముఖ్యంగా ఎరుపు నలుపులా కనబడి నీలంలో కలిసిపోయి ఉంటుంది. మన కంట్లో రంగు చూసే కణాలు వేరు, మసక వెలుతురులో చూసే కణాలు వేరు. చీకటి కణాలకి రంగు తెలియదు. గుడ్లగూబ లాంటి వాటికి ఈ చీకటి కణాలే దండిగా ఉంటాయి.

ఈ గాజుల ఆటలో ఒకసారి ఒక పిల్ల ఒక్క గాజు కూడా ఏరలేదు. చేతులతో నేల తడుముతోంది. మొదట మొండితనం అనుకున్నాను. వాళ్ళమ్మని పిలిపించి అడిగితే, పొద్దుగూకితే చాలు తలుపుకి గుద్దుకుంటుందని చెప్పింది. రేచీకటి. ఆ చీకటి కణాలు పనిచేయాలంటే విటమిన్ ఎ కావాలి. ఆస్పత్రికి పంపాం, మందు ఇచ్చారు. ఇంటి దగ్గర మునగాకు, బొప్పాయి పెట్టమన్నారు. తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలకి విటమిన్ ఎ సిరప్ పోసేది ఇందుకే, అంగన్‌వాడీలో పోస్తున్నప్పుడు తప్పించుకోకండి. గాజుల ఆట పెట్టుకున్నది గుడ్లగూబ కోసం, పట్టిచ్చింది మా పిల్లని.

హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో రాత్రి జంతువులకని ప్రత్యేకంగా ఒక ఇల్లు కట్టారు. అందులో పగలు చీకటి చేసి, రాత్రి దీపాలు వేస్తారు, లోపలి జంతువులు మన పగటిని రాత్రి అనుకుని తిరుగుతాయి. ఒక ఏడు మా పిల్లల్ని తీసుకెళ్ళాను. భళ్ళున కాసే ఎండలోంచి లోపలికి పోయారు, "ఏం లేవు మేడం" అంటూ రెండు నిమిషాల్లో అవతలి తలుపులోంచి బయటికొచ్చేశారు. తప్పు నాది. మన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై నిమిషాల పైనే పడుతుంది. ఆ మరుసటిసారి పిల్లల్ని ముందుగా ఒక కన్ను చేత్తో మూసుకుని నడిపించాను. లోపలికెళ్ళాక ఆ మూసిన కన్ను తెరవమన్నాను. ఆ కన్ను అప్పటికే చీకట్లో ఉండి వచ్చింది కదా. ఏమీ లేవన్న చోటే దేవాంగ పిల్లి కొమ్మ పట్టుకుని, ఆ గుండ్రటి కళ్ళేసుకుని, సినిమా స్లో మోషన్‌లో వేసినట్టు ఒక్కొక్క చెయ్యే కదుపుతోంది. ఈసారి పిల్లల్ని బయటికి తీసుకురావడం నా వల్ల కాలేదు.

చెవుల పని ఇంకా తమాషా. దీనికి మన కళ్ళగంతల ఆటే చాలు, కొంచెం మార్చుకోవాలి. పిల్లలంతా చేతులు పట్టుకుని వలయంగా నిలబడతారు, అది గుహ. లోపల ఒకరు గబ్బిలం, కళ్ళకి గంతలు. ఇద్దరు ముగ్గురు చిమ్మటలు. గబ్బిలం "గబ్బి" అని అరిస్తే చిమ్మటలు వెంటనే "చిమ్మ" అని బదులు పలకాలి. బదులే ప్రతిధ్వని. ఆ ధ్వనిని పట్టుకుని గబ్బిలం చిమ్మటని అందుకోవాలి. మా బడిలో ఒక గడుగ్గాయి చిమ్మట దగ్గరికొచ్చిన కొద్దీ "గబ్బిగబ్బిగబ్బి" అని ఊపిరాడకుండా అరవడం మొదలుపెట్టాడు. బదులివ్వలేక చిమ్మటలు గోల. "ఇది అన్యాయం మేడం, ఔటు ఇవ్వండి" అని నా మీదికి వచ్చారు. నాకు నవ్వు ఆగలేదు. పురుగు దగ్గర పడే కొద్దీ నిజం గబ్బిలం చేసేది సరిగ్గా అదే. మామూలుగా సెకనుకి పది పదిహేను కూతలు పెట్టేది, చివరి ఘడియలో వందకి పైగా పెడుతుంది. ఆ కూతలు మన చెవికి అందనంత సన్నటివి. ఎవరూ నేర్పకుండా గబ్బిలం యుక్తి వాడికి తట్టింది.

ఇటలీలో స్పల్లాంజానీ అని ఒకాయన 1793లో ఈ చిక్కులో పడ్డాడు. కొవ్వొత్తి ఆర్పేస్తే ఆయన పెంపుడు గుడ్లగూబ గోడలకి గుద్దుకుంది, గబ్బిలం మాత్రం హాయిగా ఎగిరింది. కళ్ళు కనబడకుండా చేసినా ఎగిరింది. చెవులు మూసేసరికి మాత్రం గుద్దుకోసాగింది. చెవులతో చూస్తుందన్న మాట ఆనాడు ఎవరూ నమ్మలేదు, వెక్కిరించారు. 1938లో హార్వర్డ్‌లో గ్రిఫిన్ అనే విద్యార్థి ఒక యంత్రం ముందు గబ్బిలాల్ని పెట్టి ఆ వినబడని కూతల్ని వినేదాకా గుట్టు వీడలేదు. పిల్లలకి ఇది కథలా చెప్పవచ్చు, కళ్ళు కనబడకుండా చేసిన భాగం మాత్రం దాటేయండి.

ఒక్క జాగ్రత్త. మన చింతచెట్లకి, మర్రిచెట్లకి తలకిందులుగా గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు ఈ కూతల మీద ఎగరవు. అవి పండ్లు తినేవి, కంటి చూపు, వాసన వాటికి దారి. బాదం చెట్టు కింద పొద్దున్నే పిప్పి చేసి పారేసిన కాయలు కనబడితే అవి రాత్రి వాళ్ళ భోజనాల తాలూకు ఎంగిలాకులు. కాయ మీద పళ్ళ గాట్లు చూడవచ్చు, పుల్లతో తిప్పి చూడాలి, చేత్తో ముట్టకూడదు. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, ఈ సంగతి నిఫా జబ్బు వచ్చాక అందరికీ తెలిసిందే. అంతమాత్రాన వాటి మీద రాళ్ళు వేయక్కర్లేదు. ఇప్పపూవు కాయ కావాలంటే పుప్పొడి మోసేది ఆ గబ్బిలాలే. ఆ మాటకొస్తే జాషువా గారు 1941లో తన గోడు శివుడికి విన్నవించడానికి ఎన్నుకున్న దూత కూడా గబ్బిలమే. పై తరగతుల్లో ఆ కావ్యం చదివేనాటికి గబ్బిలాన్ని ఒక్కసారైనా తలెత్తి చూసిన పిల్లలైతే బాగుంటుంది కదా.

ఇప్పుడొక శబ్దం వినండి.

(దువ్వెన పళ్ళ మీద అట్టముక్క గీసిన శబ్దం, రెండుసార్లు)

నా చేతిలో ఉన్నది దువ్వెన, ఒక పోస్టుకార్డు. దువ్వెన పళ్ళ మీద కార్డు అంచుతో గీశాను. కీచురాయి పాట ఇదే. దానికి నోటితో పాడటం రాదు. ఒక రెక్క మీద దువ్వెన పళ్ళలాంటి గరుకు గీతలుంటాయి, రెండో రెక్క అంచుతో వాటిని గీస్తుంది. పాడేది మగదే. వినడానికి చెవులు ముందు కాళ్ళ మీద, మోకాలి కింద ఉంటాయి. ఈ మాట చెప్పగానే పిల్లలంతా మోకాళ్ళు పట్టుకుని చూసుకుంటారు, అదీ నేను ఏటా చూసే ముచ్చట.

కీచురాళ్ళ కూతల్ని లెక్కపెట్టడం చలికాలం రాత్రుల్లో మంచి పని. చలి ఎక్కువైతే కూత నెమ్మదిస్తుంది, ఉక్కగా ఉంటే జోరందుకుంటుంది. 1897లో డాల్‌బేర్ అనే అమెరికా ఆయన దీన్ని ఒక సూత్రంగా రాశాడు. అక్కడి ఒక చెట్టు కీచురాయికైతే, ఎనిమిది సెకన్లలో వచ్చిన కూతలకి ఐదు కలిపితే ఇంచుమించు ఎన్ని డిగ్రీల సెల్సియస్ ఉందో తెలిసిపోతుంది. మన కీచురాళ్ళకి ఆ లెక్క అచ్చంగా కుదరదు. కుదరకపోవడమే మేలు. పిల్లలు నెలకోసారి కూతలు లెక్కపెట్టి, గోడ థర్మామీటరు చూసి, రెండూ పక్కపక్కన రాసుకుంటే తమ వాకిటి కీచురాయికి తమ సొంత లెక్క తయారవుతుంది.

గుడ్లగూబ చెవి సంగతి ఒక్క ముక్కలో. అరచేతులు రెండూ చెవుల వెనక దొప్పల్లా పెట్టుకుని వినమనండి, దూరపు మాట దగ్గరికొస్తుంది. గుడ్లగూబ మొహం పళ్ళెంలా ఉండేది ఆ దొప్ప పని చేయడానికే. కళ్ళు మాత్రం గూట్లో బిగించినట్టుంటాయి, తిరగవు. పిల్లల కళ్ళకి అట్టగొట్టాలు రెండు పెట్టి పక్కనున్న వాణ్ణి చూడమంటే మెడ తిప్పక తప్పదు. మనకి మెడలో ఏడు ఎముకలైతే దానికి పద్నాలుగు.

పురుగుల కోసం తెల్లటి పంచె ఒకటి దండెం మీద ఆరేసి, దాని ముందు బల్బు వెలిగిస్తే చాలు. అరగంటలో పంచె నిండా చిమ్మటలు, పేడపురుగులు, మిడతలు. వాటి కోసం బల్లి కూడా వస్తుంది, బల్లిపాటు శాస్త్రం పక్కన పెట్టి అది పది నిమిషాల్లో ఎన్ని మింగిందో లెక్కపెట్టుకోండి. దీపం దగ్గరికి పురుగు ఎందుకు వస్తుందన్నది కవులకి పాత ప్రశ్న, శలభం మోహంతో వచ్చి మాడిపోతుందన్నారు. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ మోహాన్ని కాస్త చెడగొట్టింది. అతివేగంగా తీసే కెమెరాలతో చూస్తే పురుగు దీపం వైపు వీపు తిప్పి ఎగురుతోందట. కోట్ల ఏళ్ళుగా రాత్రిపూట వెలుతురున్న వైపే ఆకాశం. అటు వీపు పెడితే తాను నిటారుగా ఉన్నట్టు లెక్క. మన బల్బు ఆ లెక్క తప్పించింది, పాపం బల్బుకే వీపు తిప్పుతూ దాని చుట్టూనే తిరుగుతోంది. అందుకని అరగంట చూశాక బల్బు ఆపేయండి, వాటి దారిన వాటిని పోనివ్వండి. బల్బు లేకుండా చిమ్మటల్ని పిలవాలంటే బాగా ముగ్గిన అరటిపండు, బెల్లం కలిపి పిసికి సాయంత్రం చెట్టు బోదెకి పూయండి. టార్చికి ఎర్ర గాజుకాగితం చుట్టుకుని చూడాలి. ఎరుపు వాటికి సరిగా ఆనదు, బెదరవు.

భయం సంగతి కూడా మాట్లాడాలి. రాత్రి భయపడాల్సినవి లేవని నేను చెప్పను. కట్లపాము రాత్రే తిరుగుతుంది, నేల మీద పడుకున్న వాళ్ళ పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. అందుకే మా పిల్లలకి నియమాలు ఉండేవి. చెప్పులు లేకుండా అడుగు పెట్టకూడదు, టార్చి లేకుండా రాకూడదు, రాళ్ళ సందుల్లో చేయి పెట్టకూడదు, పక్కన పెద్దవాళ్ళు లేకుండా అసలే కదలకూడదు. మంచం మీద, దోమతెర కట్టుకుని పడుకోమని ఇంటికి చెప్పి పంపేదాన్ని. బూచోడికీ కట్లపాముకీ తేడా ఇక్కడే ఉంది. బూచోడికి జాగ్రత్త లేదు, ముసుగు తన్నడం తప్ప. కట్లపాముకి పేరుంది, వేళ ఉంది, ఏం చేయాలో ఉంది. చేయాల్సింది తెలిసిన పిల్ల వణకదు.

ఊళ్ళో గుడి గాలిగోపురంలో తెల్ల గుడ్లగూబల జంట ఒకటి ఉండేది. అది అరిస్తే ఇంట్లో ఎవరో పోతారని, ఎదురింటి జేజి ఒకామె రాత్రిపూట లేచి మరీ రాళ్ళు విసిరేది. ఆమె మనవడు మా దగ్గరే చదివేవాడు. గోపురం కింద నల్లటి, ఎండిన, వేలెడంత ఉండలు పడి ఉంటే ఏరుకొచ్చాడు. గుడ్లగూబ ఎలుకని మింగి, అరగని బొచ్చు, ఎముకలు ఇట్లా ఉండ చేసి కక్కేస్తుంది. నేను చేతికి తొడుగు వేసుకుని వాటిని బాగా మరగబెట్టి ఆరబెట్టాక, పిల్లలు పుల్లలతో విప్పారు. ఒక్క ఉండలో ముడి విప్పిన కొద్దీ దవడలు. గోధుమరంగు ముందుపళ్ళతో సహా ఎలుక దవడలు. పుర్రెలు నల్ల కాగితం మీద వరసగా పెట్టి లెక్కపెడితే నాలుగు ఉండల్లో పదకొండు ఎలుకలు. వాడు ఆ కాగితం కదలకుండా పళ్ళెంలో పెట్టుకుని ఇంటికి మోసుకుపోయి, "జేజీ, ఇవన్నీ మన శనక్కాయల చేనివే" అని చూపించాడట. ఆమె చాలాసేపు చూసిందట. దగ్గరగా పెట్టుకుని ఒక పన్ను గోటితో గీకి కూడా చూసిందట. అపశకునం కాదని ఆమె ఒప్పుకుందని చెప్పను. రాయి మాత్రం ఆ తర్వాత వేయలేదు. "అరిస్తే అరవనీలే, దాని కూలి అది చేసుకుంటా ఉండాది" అందట.

పిల్లలూ, మీలో ఎవరైనా ఈ మాటలు వింటుంటే ఈ రాత్రికే ఒక పని చేయండి. గుప్పెడు ముగ్గుపిండి తీసుకుని పెరట్లో, తొట్టి పక్కన, తడి లేని చోట జల్లెడతో పలచగా చల్లండి. నడుమ రెండు శనక్కాయలు పెట్టండి. బియ్యప్పిండి వద్దు, ఎందుకో మీకు తెలుసు. పక్కన ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంచుకోండి. పొద్దున మాత్రం మీ అమ్మ చీపురు తీసేలోపే లేవాలి.